లాభం కట్ట

పదో నంబరు రెండో నంబరు కన్నా ముందు వస్తుందని గట్టిగా నమ్మినవాళ్ళను నా జన్మలో ఇద్దరినే చూశాను. ఒకరు మా అమ్మ. రెండోది మొన్న మా అన్నయ్య మనవరాలి కంప్యూటరు.

ఆ పిల్ల ఏదో కాలేజీ రిపోర్టు రాస్తూ ఒక్కో భాగాన్ని ఒక్కో ఫైలుగా దాచుకుంది. అన్నిటినీ వరసలో కలిపి ఒకే ఫైలు చెయ్యడానికి నల్లటి తెర మీద ఒక్క లైను కమాండు కొట్టి, "చూడు మామ్మా, ఇప్పుడన్నీ బుద్ధిగా వచ్చి కలుస్తాయి" అంది. కలిశాయి. ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు వచ్చి కూర్చున్నాయి. రెండు ఎక్కడో అడుక్కి పోయింది. పిల్ల తల పట్టుకుంది. అంకెను అది లెక్కలా చూడదట, అక్షరాలను చూసినట్టు ఎడమ నుంచి చూస్తుందట, ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు పెట్టేస్తుందట, అందుకని చిన్న నంబర్ల ముందు ఒక సున్నా చేర్చాలట. ఇదంతా నాకేదో కొత్త సంగతిలా చెప్పబోయింది. నాకేమో నవ్వాగలేదు. "ఒసే, ఈ తప్పు మీ తాతమ్మ నరసన్నపేటలో ఎప్పుడో చేసేసింది. సున్నా కూడా అప్పుడే పెట్టాం. ఆ సున్నా దగ్గరే మా కొంప మునగబోయింది" అన్నాను. అన్నాక చెప్పక తప్పుతుందా?

అవి అరవైల చివరి రోజులు. నరసన్నపేటలో మాది ధాన్యం కొట్టు. కొట్టు రోడ్డు మీద, ఇల్లు వెనక సందులో. నాన్న చుట్టుపక్కల రైతుల దగ్గర ధాన్యం కొని మిల్లులకు పంపేవాడు. అన్నయ్య సాలూరులో ఒక లారీ ఆఫీసు గుమస్తా. నెలకోసారి ఏదో ఒక లారీ ఎక్కి వచ్చి, కడుపునిండా తిని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, మళ్ళీ ఏదో ఒక లారీ ఎక్కి పోయేవాడు. వదినది శృంగవరపుకోట. ఎస్సెల్సీ పాసయి మా ఇంటికి కోడలిగా వచ్చింది. నేనూ ఎస్సెల్సీ అయిపోయి ఇంట్లో కూర్చుని, పనీపాటా లేదని అమ్మ చేత రోజూ తిట్లు తింటున్నాను.

వదిన రాసేది. కూర్చుని రాస్తున్నట్టు ఎవరికీ కనపడేది కాదు గానీ, పాలు పొంగేలోపు రెండు వాక్యాలు, పప్పు ఉడికేలోపు ఇంకో నాలుగు రాసేసేది. కాగితం కూడా ఏది దొరికితే అదే. కొట్లో తూకం చీటీల వెనక, చింపేసిన క్యాలెండరు నెలల వెనక, పంచదార పొట్లం విప్పి దాని లోపల. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే ఒక్కోసారి మానికకు బదులు కథ చేతికొచ్చేది. సముద్రం ఒడ్డు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచివచ్చే ఒక ఆడమనిషి కథ అది. దాన్ని వదిన మా ఇంటికొచ్చినప్పటినుంచీ రాస్తూనే ఉంది. మొదటి పాఠకురాలిని నేనే. ఒక్కో ముక్క చదివి, "తర్వాతేమయింది వదినా?" అని వెంటపడితే, "పప్పు మాడిపోతంది, ఒగ్గీ అమ్మీ" అని నవ్వేది.

ఆ ఏడాది ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. తెల్ల ఠావుల మీద, ఒక్క పక్కనే, చక్కటి దస్తూరీతో రాసి, ఫలానా తేదీకల్లా అందేలా పంపాలి. ఏ భాగం లోపించినా తీసుకోరు. ఆ ప్రకటన చింపి వదిన జాకెట్లో దాచుకుంది. ఎవరికి చెప్పాలన్నా భయమే. చివరికి నేనే నాన్నతో చెప్పాను. నాన్న మంచి మనిషి, కాకపోతే ధాన్యం తప్ప ఇంకోటి తెలియదు. "రాస్తే రాసుకోనీ. ఎవులికేటి నష్టం?" అన్నాడు. అమ్మే గంట సేపు గునిసి, చివరికి తీర్పు చెప్పేసింది.

"ఈ పాలికి పంపుకోనీ. అది సరిగ్గా ఎల్లకపోతే మాత్రం ఆ కాయితాలన్నీ పొయ్యిలోకే. మళ్ళీ కలం ముడితే నాను ఊరుకోను. ఇల్లంతా సీటీలే! మొన్న సారులో కూడా ఒక ముక్క తేలినాది."

చారులో తేలిన మాట నిజమే. ఆ సాయంత్రం నూతి దగ్గర వదిన నాతో అంది: "అత్త అన్నాదంటే సేసీస్తాది, అమ్మీ. ఇది సక్కగా ఎల్లాల. రాసేటప్పుడే నాను బతికున్నట్టుంటాది నాకు." ఆ మాట అని, ఏమీ అననట్టు చేద లాగింది. ఈ నవల పంపించి తీరాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

గడువు చూస్తే దగ్గరకొచ్చేసింది. ఒక్క చెయ్యి రాస్తే అయ్యే పని కాదు. వదిన ఒక ఏర్పాటు చేసింది. ముక్కలన్నీ పోగేసి, ఏది ఏ ప్రకరణమో చూసి, ఒక్కో ప్రకరణాన్ని ఒక్కో కట్టగా పురికొసతో కట్టింది. పైన నంబరు వేసింది. కట్టలను నాకూ, మంచి దస్తూరీ ఉన్న మా ముగ్గురు నేస్తాలకూ పంచింది. ఎవరికి ఏది ముందు అయితే అది తిరిగివ్వాలి. వరస సంగతి మేం పట్టించుకోనక్కరలేదు, నంబరు మాత్రం ఎత్తి రాయాలి. చివర్లో అన్నీ నంబరు ప్రకారం కలిపి మూట కట్టాలి. మా నేస్తాలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో వేళ్ళు నొప్పులు పుట్టేలా రాశారు. ఒకామె పన్నెండో కట్ట రాస్తూ ఏడ్చేసి, సిరా అలుక్కుపోయి మళ్ళీ రాసింది. ఇది తెలిసి వదిన ఎంత మురిసిపోయిందో!

కట్టలన్నీ ఇంటికి చేరాయి. కలపడమే మిగిలింది. సరిగ్గా ఆ రోజు పొద్దున్న వదిన బయటుంది.

ఈ కాలం పిల్లలకు అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. ఆడవాళ్ళు నెలసరి మూడు రోజులూ ఇంట్లోకి రాకూడదు. వీధి అరుగు మీద ఒక మూల కూర్చోవాలి, అక్కడికే అన్నం వస్తుంది, దేన్నీ ముట్టుకోకూడదు. కాగితం అసలే ముట్టుకోకూడదు, అది సరస్వతి అని అమ్మ మాట. రాసిందేమో వదిన, ముట్టుకోకూడనిదీ వదినే! నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు గింజుకోకే, నియమం నియమమే" అంది అమ్మ. పైగా, "నాను సద్దుతానులే. నంబర్లేగా?" అని కట్టల ముందు తనే కూర్చుంది.

అమ్మ చదువుకోలేదు. అంకెలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తుపట్టేది. ఎంతో శ్రద్ధగా సర్ది, కొంగుతో దులిపి, నన్ను పిలిచింది. అరుగు మీంచి వదిన, "ఒక్కోదాని మొదటి వాక్యం సదువు అమ్మీ, ఇంటాను" అంది. చదివాను. మొదటి కట్ట బాగానే ఉంది. ఆ వెంటనే ఆ చేపలమ్మ మొగుడు పడవతో సహా సముద్రంలో పోయాడు. ఊరంతా ఏడ్చారు. ఇంకా చాలా జరిగాక, రెండో కట్టలో ఆ చచ్చిపోయినవాడే ఇంటికొచ్చి, పులుసులో ఉప్పు తక్కువైందని అలిగి పడుకున్నాడు.

"ఓలమ్మో!" అంది వదిన.

నేను నవ్వలేక నేల మీద కూలబడ్డాను. అమ్మకు కోపం వచ్చింది. "ఎందుకే ఆ ఇకిలింపు? ఒంకాయలు ఒకచోట, బెండకాయలు ఒకచోట ఎట్టినట్టు, ముందర ఒకటి ఉన్నవన్నీ ఒకచోట ఎట్టినాను, ముందర రెండు ఉన్నవన్నీ ఒకచోట ఎట్టినాను. తప్పేటి?"

"అత్తా, సచ్చిపోయినోడు తిరిగొచ్చీసినాడు!"

"వస్తే మంచిదే గదా! ఆ మనిషి ముండమోయకుండా ఉన్నాది."

కాసేపు ముగ్గురం నవ్వుకున్నాక వదిన ఆలోచించి చెప్పింది: చిన్న నంబర్లన్నిటికీ ముందు ఒక సున్నా పెట్టు. అప్పుడు సున్నాతో మొదలయ్యేవన్నీ ముందు, ఒకటితో మొదలయ్యేవన్నీ తర్వాత, రెండుతో మొదలయ్యేవన్నీ ఆ తర్వాత. అత్త పద్ధతిలోనే సర్దినా తప్పు రాదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను ఎర్రసిరాతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. చుట్టడం అయిందో లేదో, భోజనానికి నాన్న వచ్చాడు.

"ఇదేటి? సున్నాతో మొదలెట్టినారేటి?" నాన్న చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు. "కొట్లో కుంచం పట్టినవోడు సున్నా అని మొదలెడితే ఇంక ఆ కొట్టు మూసీసుకోవాల. రెండికీ మూడుకీ మీ ఇష్టం, అన్నిటికన్నా ముందున్నదానికి సున్నా సుడతారా? శుభమా అని పోటీకి పంపుతూ!"

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఎవరూ ఒకటి అనరు. మొదటి కుంచాన్ని 'లాభం' అంటారు. "లాభం, లాభం, లాభం" అని పాటలా సాగదీసి కుంచం నింపి కుమ్మరించి, తర్వాత "రెండు" అంటారు. నాన్న పుట్టినప్పటినుంచీ విన్న లెక్క అది. మాతో వాదన అనవసరం అనుకున్నాడో ఏమో, మొదటి కట్ట మీద నేను రాసిన నంబరు కొట్టేసి, తన బండ అక్షరాలతో 'లాభం' అని రాశాడు. పసుపు పూశాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, దాన్ని తీసుకెళ్ళి దేవుడి గదిలో, ఆ ఏటి కొత్త ధాన్యం మొదటి కుంచం పెట్టిన పీట మీద, దాని పక్కనే పెట్టాడు.

"ఇక్కడుండనీండి. రేపు మూట కట్టినప్పుడు నానే తెచ్చి ఎడతాను. కోడలి పుస్తకం గెలవాలా, ఒద్దా?"

అరుగు మీంచి వదిన ఇదంతా వింది. "మావయ్యకి నా నవలంటే ఇంత ఇదా!" అని నాతో గుసగుసగా అంది. ఆ మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున్నే మూట కట్టడం. మధ్యాహ్నం టెక్కలి వైపు నుంచి వచ్చే బస్సులో పోస్టు సంచీ వెళ్ళిపోతుంది. అందులో పడితేనే గడువులోగా అందుతుంది. నాన్న ముతక గుడ్డ పరిచి, అడుగున ఒక అట్ట వేసి, గోనెలు కుట్టే దబ్బనం, పురికొస పక్కన పెట్టుకుని, బాసింపట్టు వేసి కూర్చున్నాడు. నేను కట్టలు అందించాలి. వదిన అరుగు మీంచి ఆజ్ఞలు జారీ చెయ్యాలి. చెయ్యి పెట్టే వీల్లేని మనిషి కదా, నోటితోనే మొత్తం నడిపింది. "నాను సెప్పినది సెప్పినట్టే సెయ్యి. నీ తెలివి వాడకు. నంబరు సదువు, మొదటి ముక్క సదువు, ఆకరి ముక్క సదువు, అప్పుడు మావయ్యకివ్వు" అంది. మహారాణీలా ఉంది ఆవిడ వాలకం.

నాన్న కుంచం ముందు కూర్చున్నట్టే గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకుని, రాగం తీసి, "లాభం... లాభం... లాభం" అన్నాడు. కళ్ళు తెరిచి నావైపు చెయ్యి చాపి, "రెండు" అన్నాడు.

నా చేతిలో రెండో కట్ట సిద్ధంగా ఉంది. నంబరు చదివాను, మొదటి ముక్క చదివాను, చివరి ముక్క చదివాను, ఇచ్చాను. మూడు. నాలుగు. అంతా గడియారంలా నడిచింది. చచ్చినవాడు చావాల్సిన చోటే చచ్చాడు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటూ, పదో కట్ట దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరి కట్ట పడగానే నాన్న చకచకా కుట్టేసి, కుట్ల మీద లక్క కరిగించి పోశాడు. పంపినవారు అన్న చోట వదిన పేరు నేనే రాశాను. నాన్న మూట సైకిలు వెనక కట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళాడు. వచ్చేటప్పుడు కిటికీలోంచి రసీదు నా చేతిలో పడేసి, దిగకుండానే కొట్టుకు పోయాడు.

వదిన ఆ రసీదును దూరం నుంచే చూపించమంది. చూసి చూసి, "అయిపోనాది అమ్మీ" అంది. ముఖం ఎంత తేటగా ఉందో!

అమ్మ వంట ముగించి, దేవుడి ముందు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అక్కడినుంచే సన్నటి గొంతుతో పిలిచింది.

"ఒసే గుంటా. లాభం ఇక్కడే ఉన్నాదే."

పరుగెత్తి గడప దగ్గర ఆగాను. కొత్త ధాన్యం కుంచం పక్కన, పసుపు పూసిన కట్ట, నిన్న పెట్టింది పెట్టినట్టే ఉంది. అప్పుడు తెలిసింది మా నాన్న చేసిన ఘనకార్యం. కొట్లో నోరు లాభం అంటుంటే చెయ్యి కుంచం కుమ్మరిస్తుంది. నోరూ చెయ్యీ ఆయనకు రెండు కావు. లాభం అనేశాడు కాబట్టి లాభం పడిపోయిందనే ఆయన లెక్క. నేనేమో కూర్చోకముందే అట్ట మీద ఆయన దాన్ని పెట్టేసి ఉంటాడనుకున్నాను. వదిన మిగతా ప్రతి కట్టకూ మొదటి ముక్క, చివరి ముక్క అడిగి చదివించింది గానీ, మామగారు నోరారా లాభం అన్నాక, పడిందా లేదా అని కోడలు అడుగుతుందా? అడగదు. ఆ ఊళ్ళో ఏ కోడలూ అడగదు.

"ఏటయినాది?" అంది అరుగు మీంచి వదిన. మేం చెప్పకముందే ఆవిడకు అర్థమైపోయింది. "లాభం కట్టేనా? ఉండిపోనాదా?"

నేను లోపలికి అడుగు వెయ్యబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మైలబట్టలతో దేవుడి పీట ముడతావేటే? ఎల్లి తానం సేసిరా. నేదంటే మీ నాన్న వచ్చి తీస్తాడు."

"స్నానం చేసేలోపు సంచీ వెళ్ళిపోతుందే అమ్మా!"

"నా ఒంట్లో పేణం ఉండగా..." అని అమ్మ ఏదో అంటూనే ఉంది. నా వెనక చీర గరగరలాడింది. తిరిగి చూసేసరికి వదిన వీధి గడప దాటింది. నడవా దాటింది. వంటింట్లోంచి వస్తోంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. నన్ను పక్కకు జరిపి, అమ్మ చాపిన చేతి కిందనుంచి వంగి, దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. రెండు చేతులతో కట్ట తీసుకుని గుండెలకు హత్తుకుంది. వచ్చిన దారినే బయటికి నడిచింది. అమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నేను మాత్రం లోలోపల, 'భేష్ వదినా, భేష్!' అని ఎగిరి గంతేశాను. తర్వాత రసీదు పుచ్చుకుని ఆవిడ వెనకాలే పరుగు తీశాను.

ధాన్యం బజారుకొచ్చే రోజులు. రోడ్డు నిండా బళ్ళు. ఆ బళ్ళ మధ్య, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, పసుపు కట్ట పొదువుకుని మా వదిన దాదాపు పరుగెత్తుతోంది. మా సందులోవాళ్ళందరికీ ఆవిడ నిన్నటినుంచి అరుగు మీద ఉన్న సంగతి తెలుసు. ఒక్కొక్కరూ గుమ్మాల్లోకి వచ్చి నోళ్ళు నొక్కుకుంటున్నారు. వాళ్ళను చూస్తే నాకు చచ్చేంత కోపం వచ్చింది. కొట్టు ముందు నాన్న ఎవరితోనో బేరంలో ఉన్నాడు. వదినను చూశాడు. కట్టను చూశాడు. నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాడు.

"ఓరి నా మతి మండా! నానే ఒగ్గీసినాను గావాల!"

తిడతాడనుకున్నాను. ఇల్లు దాటి ఎందుకొచ్చావంటాడనుకున్నాను. అవేం అనలేదు. పంచె ఎగ్గట్టి మా ముందు నడవడం మొదలుపెట్టాడు. "తప్పుకోండ్రా! బండి పక్కకి తియ్యరా! బేగి, అమ్మా, బేగి!" నాన్న గొంతుకు బళ్ళు చెరో పక్కకూ జరిగాయి.

పోస్టాఫీసులో సంచీ మూతి కట్టేసి ఉంది. పోస్టుమాస్టరు రసీదు అటూ ఇటూ తిప్పి చూశాడు. "రిజిస్టరైపోయిన మూట ఊరికే ఇవ్వకూడదండీ. పంపిన మనిషి వచ్చి సంతకం చేసి ఎనక్కి తీసుకోవాల, మళ్ళీ కట్టించాల. పంపినవాళ్ళు ఎవరు?" అని నాన్నను అడిగాడు.

"నాను" అంది వదిన. మా ఊళ్ళో పరాయి మగాడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. "నవల రాసినది నాను. మొదలు నేకుండా ఎల్లిపోతంది. అలా ఎల్తే దాన్ని పారెస్తారు."

ఆయన మళ్ళీ నాన్న వైపే చూశాడు. నాన్న మండిపడ్డాడు. "నాకేసి సూస్తారేటండీ? మాటాడతన్నాది ఆవిడ. ఆ నవల ఆవిడది. ఏటి సెయ్యాలో ఆవిడకి సెప్పండి."

నేను నాన్నను ఎన్నోసార్లు తిట్టుకున్నాను, ఇప్పటికీ తిట్టుకుంటాను, కానీ ఆ ఒక్క మాటకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టొచ్చు. పోస్టుమాస్టరు సంచీ విప్పించి, కాగితం ముందుకు తోశాడు. వదిన సంతకం చేసింది. అక్కడే నేల మీద కూర్చుని కుట్లు తెంపింది. మొదటి కట్ట అడుగున పెట్టి ఊరుకోలేదు. ఒక్కో కట్ట అంచునూ వేలితో విప్పి చూస్తూ, నంబర్లు పెదాలతో అనుకుంటూ, పై కట్ట దాకా వచ్చింది. తన నవల మొత్తం ఒక్కచోట చేరాక ఆవిడ ముట్టుకోవడం అప్పుడే. బయట బస్సు హారను కొడుతోంది. నాన్న ఎదురు కొట్లోంచి దబ్బనం లాక్కొచ్చి, కండక్టరును "ఉండవయ్యా బాబూ, ఆగు!" అని కేకలేస్తూ కుట్టాడు. మళ్ళీ లక్క, మళ్ళీ ముద్ర. సంచీ బస్సెక్కింది.

బహుమతి వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. మూట అందిందని కార్డొచ్చింది, కొన్నాళ్ళకు మూట తిరిగొచ్చింది. పొయ్యిలో పెడతానన్న అమ్మ దాన్ని ఎలకలు కొట్టకుండా తన ట్రంకుపెట్టెలో దాచింది. వదిన ఇంకోటి మొదలుపెట్టింది. అది తర్వాతి సంగతి. ఆ రోజు సంగతి ఇంకా ఉంది.

పోస్టాఫీసు నుంచి ఇంటికి వస్తుంటే మా ఇద్దరికీ కాళ్ళు బరువెక్కాయి. చేసిన పని అప్పుడు గుర్తొచ్చింది. నాన్న తెలివిగా కొట్టు దగ్గరే ఆగిపోయాడు. ఇంటి ముందు అమ్మ లేదు. వదిన లోపలికి చూడకుండా అరుగెక్కి, తన మూలకు పోయి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఈసారి అమ్మ ఒక్క మాట అన్నా ఊరుకోకూడదని పళ్ళు బిగించాను.

అమ్మ వచ్చింది. వదినను చూసింది.

"అక్కడ కూకున్నావేటి?" అంది. "లోపలికి రా."

"ఇంకా రేపటి దాకా ఉన్నాది గదా అత్తా..."

"దేవుడి గదిలోకే ఎల్లొచ్చినదానివి. ఆయనేటీ అన్నేదు. పీట కాలిపోనేదు, దీపం ఆరిపోనేదు. నాను ఇప్పటిదాకా అక్కడే కూకుని సూసినాను." "ఆయనకి నేని పట్టింపు మనకెందుకు? రా, కూడు సల్లారిపోతంది."

పోస్టాఫీసులో కంటతడి పెట్టని మనిషి, వంటింట్లో పీట మీద కూర్చుని, అన్నం కలుపుతూ బావురుమంది. నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం, "ఏడుపులు ఆపి తినండే" అని కసిరి, నెయ్యి వడ్డించింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ ఆడదీ ఆ మూడు రోజులు అరుగు మీద కూర్చోలేదు. వదిన కూర్చోలేదు, నేను కూర్చోలేదు. ఆ మరుసటి వారం తన వంతు వచ్చినప్పుడు, ఎప్పటిలాగే తలగడ చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళిన అమ్మ కూడా, అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి లోపలికి వచ్చేసింది.